పాప రైఫిల్‌కు పీప్ సైట్: ఏది ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

కాజీపేట_నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుతోంది. రెండేళ్లుగా 4.5 మి.మీ. స్ప్రింగు ఎయిర్ రైఫిల్‌తో, ఓపెన్ సైట్ (గాడిలోంచి చూసి గురిపెట్టేది) మీదనే 10 మీటర్ల సాధన చేస్తోంది. మా క్వార్టర్‌లో ముందు గది నుంచి వెనుక వరండా గోడ దాకా టేపు పెట్టి కొలిస్తే సరిగ్గా సరిపోయింది కనుక, ఇసుక నింపిన పెట్టె ముందు పెల్లెట్లను ఆపే ట్రాప్ పెట్టి అక్కడే కాల్పిస్తున్నాను. గత నెల పీప్ సైట్ (కంటి దగ్గరి చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టేది) కొని నేనే బిగించాను. అప్పటి నుంచి రెండు ఇబ్బందులు వచ్చాయి. సైట్‌ను పైకెత్తే మరను చివరి దాకా తిప్పినా దెబ్బ నడిమికి 30 మి.మీ. కిందనే పడుతోంది. నలభై షాట్లు కాల్చేసరికి గ్రూపు (దెబ్బలన్నీ గుమిగూడే చోటు) మెల్లగా జరిగిపోతోంది కూడా. సైట్ మంచిది కాదా, బిగించడంలో నేనే పొరపాటు చేశానా అన్నది తేలడం లేదు. గొట్టం కొసనున్న ఫ్రంట్ సైట్‌లో, టార్గెట్ నలుపును చుట్టి చూపే రింగు ఏ సైజుది వేయాలో కూడా అనుభవజ్ఞులు చెప్పగలరు.

మంచిర్యాల_పది:
అన్నా, ముందు ఒక్క విషయం చెప్పండి. మీది గొట్టాన్ని విరిచి గాలి నింపే రైఫిలా, పక్కనున్న లివరు లాగేదా? విరిచే రకంలో ఓపెన్ సైట్లు రెండూ గొట్టం మీదనే ఉంటాయి కాబట్టి, గొట్టం మూసినప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా సైట్లు కూడా గొట్టంతోపాటే కదులుతాయి, గురికి నష్టం ఉండదు. పీప్ సైట్ మాత్రం వెనుక బాడీ మీద కూర్చుంటుంది. అప్పుడు ముందు సైట్ ఒక ముక్క మీద, వెనుక సైట్ మరొక ముక్క మీద ఉన్నట్లే కనుక, ఆ కీలు వదులుగా ఉంటే ఎంత ఖరీదైన సైట్ పెట్టినా గ్రూపు విచ్చిపోతుంది. నేను దీన్ని తెలుసుకోవడానికి ఒక సీజన్ అంతా పోగొట్టుకున్నాను.

కాజీపేట_నాన్న:
పక్క లివరుదే తమ్ముడూ, గొట్టం కదలదు.

మంచిర్యాల_పది:
అయితే గ్రూపు జరగడానికి కారణం సైట్ జారడమే అయి ఉంటుంది. స్ప్రింగు రైఫిల్ పేలినప్పుడు మొదట వెనక్కి తన్ని, పిస్టన్ కొసకు చేరి ఆగినప్పుడు ముందుకు ఊగుతుంది. ఆ రెండో కుదుపుకు సైట్ బిగింపు, అది కూర్చునే రైలు (బాడీ పైనున్న గాడి పట్టీ) మీద వెనక్కి, అంటే కంటి వైపు పాకుతుంది. రైలుకు, సైట్ ముందు అంచుకు కలిపి ఒక గుర్తు పెట్టి యాభై షాట్లు కాల్చి చూడండి.

కాజీపేట_నాన్న:
అమ్మాయి గోళ్ల రంగుతోనే తెల్ల చుక్క పెట్టి చూశాను. యాభై షాట్ల తర్వాత చుక్క రెండు ముక్కలై, మధ్యలో గోరు దూరేంత సందు కనిపించింది. స్క్రూలు నేను బిగించినంత గట్టిగానే ఉన్నాయి.

జగిత్యాల_మాస్టారు:
స్క్రూలను ఇంకా గట్టిగా బిగించాలన్న ఆలోచన మాత్రం చేయకండి. సైట్ బిగింపు అల్యూమినియంది, రైలు ఉక్కుది. అతిగా బిగిస్తే పళ్లు అరిగి, సైట్ ఒక పక్కకు ఒరుగుతుంది. రైలు 11 మి.మీ. గాడిలో నూనె జిగురు లేకుండా స్పిరిట్‌తో తుడిచి, సైట్ వెనుక ఒక అడ్డు ముక్క వేయండి. రైలులో చిన్న రంధ్రం ఉంటే, అడ్డు ముక్క కింది పిన్ను అందులో దిగాలి. ఆ తర్వాత స్క్రూలకు నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. నాలుగైదు రోజుల సాధన తర్వాత చుక్క మళ్లీ చూడండి.

దెబ్బ కింద పడటం సైట్ లోపం కాదు, ఎత్తుల లెక్క. వెనుక సైట్‌ను ఎటు జరిపితే దెబ్బ అటు జరుగుతుంది. ముందు సైట్‌కు ఇది తలకిందులు. ఎంత జరపాలంటే, తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. మీ రైఫిల్ మీద సైట్ల మధ్య 70 సెం.మీ. ఉందనుకుంటే, 30 మి.మీ. పైకి రావడానికి వెనుక సైట్ 2.1 మి.మీ. లేవాలి. అయితే సరిగ్గా అంతే లేపితే మర చివరి అంచునే ఆగిపోతుంది కాబట్టి, సైట్ కింద 4 మి.మీ. ఎత్తు దిమ్మె వేసి మరను నడిమికి తెచ్చుకోండి. లేదంటే ముందు సైట్‌ను దించవచ్చు. కొందరు శీతలపానీయం డబ్బా రేకు కోసి కింద పెడతారు. అది దాదాపు 0.1 మి.మీ. మందమే కనుక చిన్న సవరణకు పనికి వస్తుంది, మీ తేడాకు చాలదు.

ఒక మాట, సైట్‌ను ఎత్తుతున్నప్పుడు పాప చెంప కూడా అంతే పైకి రావాలి. దిమ్మె వేశాక పాపను కళ్లు మూసుకొని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంపను స్టాక్ మీద హాయిగా ఆనించమనండి. ఆ తర్వాత కళ్లు తెరిచినప్పుడు ముందు సైట్ గుండ్రంగా, ఐరిస్ (పీప్ సైట్‌లో చిన్నది పెద్దది చేసుకునే రంధ్రం) నడిమిలోనే కనిపించాలి. మెడ చాచి వెతుక్కోవలసి వస్తే సైట్‌ను కాదు, చెంప ఆనే చెక్కను సవరించాలి. ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఇదే: సైట్ కొనుగోలు అంగడిలో కాదు, చెంప దగ్గర మొదలవుతుంది.

టెక్సాస్_హుజూరాబాదీ:
మాస్టారు లెక్క వేటగాళ్ల రైఫిళ్లకూ వర్తిస్తుంది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం కనుక ఇది మీకు సమాచారంగా మాత్రమే రాస్తున్నాను. ఇక్కడ లైసెన్సుతో జింకల వేటకు వెళ్లేవారు లివర్ యాక్షన్ మార్లిన్, వించెస్టర్ రైఫిళ్ల మీద గొట్టంపైనున్న సైట్ తీసేసి, వెనుక బాడీ మీద పీప్ బిగిస్తారు. సైట్ల మధ్య దూరం పెరిగి గురి నికరంగా కుదురుతుంది. అక్కడ ఇబ్బంది మీకు తలకిందులు: బాడీ మీది సైట్ ఎత్తుగా కూర్చోవడం వల్ల దెబ్బ తరచుగా పైకి పోతుంది, అందుకని ముందు సైట్‌ను ఎత్తైనదిగా మార్చుకుంటారు. మసక వెలుతురులో కాల్చవలసి ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రం డిస్కు విప్పేసి పెద్ద రింగు మాత్రమే ఉంచుకుంటారు. కంటికి అదాటున దొరుకుతుంది. టార్గెట్ రైఫిల్‌కు ఆ పద్ధతి వద్దు.

మంచిర్యాల_పది:
రింగు సంగతి. 10 మీటర్ల టార్గెట్‌లో నల్లటి వృత్తం వ్యాసం 30.5 మి.మీ., పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ. మాత్రమే. ముందు సైట్ కంటికి 90 సెం.మీ. దూరంలో ఉంటే, ఆ నలుపు అక్కడ సుమారు 2.7 మి.మీ. అంతగా కనిపిస్తుంది. కొత్తవారందరూ 3.2 మి.మీ. రింగు వేసి నలుపును బిగించి చూడాలనుకుంటారు. అంత ఇరుకు రింగులో తెల్లని అంచు సన్నగిల్లి, చేయి కొంచెం కదిలినా నలుపు రింగును తాకినట్లు అనిపిస్తుంది, ట్రిగ్గర్ నొక్కడానికి వేలు జంకుతుంది. పాపకు 4.0తో మొదలుపెట్టించండి. చేయి నిలకడ వచ్చాక 3.8 చూడవచ్చు. నేనైతే ఇప్పటికీ 4.0 మీదనే ఉన్నాను. ఐరిస్ 1.1 లేదా 1.2 మి.మీ. దగ్గర పెట్టి, రింగు నల్లగా స్పష్టంగా, చుట్టూ తెలుపు బూడిద రంగులోకి తిరగకుండా కనిపించేదాకా మాత్రమే చిన్నది చేయాలి. అంతకు మించితే చీకటే మిగులుతుంది.

హన్మకొండ_అక్క:
రెండో కంటిని గట్టిగా మూయించవద్దు తమ్ముడూ, అలసిపోయి గురి కంటి చూపు కూడా మసకబారుతుంది. తెల్లటి పలుచని ముక్క అడ్డం పెట్టండి. పోటీల్లో దాని వెడల్పు 30 మి.మీ. మించరాదు. అలాగే రాష్ట్ర పోటీల్లో ఓపెన్ సైట్‌కు, పీప్ సైట్‌కు విభాగాలు వేరు కనుక, ఏ విభాగంలో పేరు ఇవ్వాలో ముందే నిర్ణయించుకోండి. ఓపెన్ సైట్‌లో పోటీపడుతూ పీప్ బిగించిన రైఫిల్‌తో వెళ్తే తనిఖీలోనే ఆపుతారు.

కాజీపేట_నాన్న:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. అడ్డు ముక్క, 4 మి.మీ. దిమ్మె, 4.0 రింగు వేశాను. చెంప చెక్కను కూడా ఎత్తాను. తెల్ల చుక్క మూడు వందల షాట్లకూ చీలలేదు, మర నడిమిలో ఉంది. పది షాట్ల గ్రూపు ఇప్పుడు రూపాయి బిళ్ల కింద దాగుతోంది. ఒక్కటే మిగిలింది: సాయంత్రం వరండాలో ఎండ పడ్డప్పుడు దెబ్బ కొద్దిగా పైకి పోతోంది.

జగిత్యాల_మాస్టారు:
వెలుతురు మారినప్పుడు కన్ను నడిమిని వేరే చోట ఎంచుకుంటుంది, సైట్‌ను ముట్టుకోకండి. వరండాకు దళసరి పరదా కట్టి, టార్గెట్ మీద ఒకే బల్బు ఉంచండి. పరదా పడ్డాక ఐరిస్ ఒక్కసారి సరిచూసుకొని, ఆ అంకెను పాప నోటుబుక్కులో రాయించండి.