ఆసుపత్రి వాలంటీరు ఒప్పందం: సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి?

కొత్తచేరిక:
ఆసుపత్రిలో వాలంటీరుగా చేరడానికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూ అయ్యాక ఒప్పందం చేతికిచ్చారు. గోప్యత, చేయాల్సిన పనుల జాబితా, "నా పూచీ మీదే పనిచేస్తాను" అనే హామీ, ఫోటోలకు అనుమతి, టీకాల రుజువు, అన్నిటికీ కలిపి ఒకే సంతకం. వీటిలో ఏవి మామూలు, ఏవి అడిగి తేల్చుకోవాలి? టీకాలకు ఎంతకాలం పడుతుంది?

వార్డుసాయం:
గోప్యత గురించి ముందు చెబుతానండి, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. పేరు చెప్పకపోతే చాలనుకుంటారు, చాలదు. వయసు, వృత్తి, జబ్బు కలిపి చెబితే మనిషెవరో ఊరికే తెలిసిపోతుంది. అసలు ఫలానా మనిషి ఆసుపత్రిలో ఉన్నారన్న సంగతే గోప్యం. తెలిసినవాళ్లు వార్డులో కనబడినా, వాళ్లంతట వాళ్లు చెప్పుకునేదాకా మీ ఇంట్లో కూడా అనకూడదు. సెల్ఫీ తీసుకుంటే వెనక బోర్డు మీది పేర్లు పడతాయి, కాబట్టి వార్డులో ఫోన్ తీయకండి. వాలంటీరుగా మానేసినా ఈ షరతు మాత్రం వదలదు.

ఫోటోల అనుమతి వేరే సంగతి. అది మీ బొమ్మను ప్రచారానికి వాడుకోవడానికి. ఇష్టం లేకపోతే ఆ పేరా కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టవచ్చా అని అడగండి.

నీలిఏప్రాన్:
నేనైతే పూచీ పేరా దగ్గరే ఆగమంటాను. వాలంటీరు ఉద్యోగి కాదు, కాబట్టి ఉద్యోగులకిచ్చే ప్రమాద పరిహారం మీకూ వస్తుందని అనుకోవద్దు. జారిపడినా, సూది గుచ్చుకున్నా చికిత్స ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. సూది గుచ్చుకుంటే ఆ చోటును సబ్బుతో, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే 72 గంటల లోపే మొదలవ్వాలి, అదీ ఎంత త్వరగా అయితే అంత మేలు. రాత్రిపూట, సెలవురోజున ఆ మందు ఎవరిస్తారో ముందే తెలిసుండాలి.

పనుల జాబితాలో లేనిది చేయకండి. రోగి మంచినీళ్లు అడిగినా నర్సును అడిగాకే ఇవ్వాలి. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉంచాల్సినవాళ్లు కావచ్చు, పక్షవాతం వల్ల మింగడం కష్టమై నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మంచం మీంచి లేపడానికి చెయ్యి వేయమని సిబ్బంది అడిగినా, శిక్షణ లేకపోతే వద్దనండి. రోగి పడినా, మీ నడుము పట్టేసినా, జాబితా దాటి చేశారన్న మాటే ముందొస్తుంది.

టీకాకార్డు:
టీకాల లెక్క ఇదండీ. హెపటైటిస్ బి మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మూడోది వేసుకున్న నెల, రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేస్తారు. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టే. అన్నీ పూర్తయ్యేదాకా ఆగాలా, మొదటి డోసుతో రక్తం తగలని పనులు ఇస్తారా అన్నది అక్కడే కనుక్కోండి. తట్టు, గవదలు, రుబెల్లాల ఎంఎంఆర్ రెండు డోసులు, మధ్య కనీసం 28 రోజులు.

టీబీ చర్మపరీక్ష చేసిన 48 నుంచి 72 గంటల్లో చెయ్యి చూపించాలి. గడువు దాటితే మళ్లీ మొదటినుంచే, కాబట్టి చూపించే రోజు సెలవు పడకుండా చూసుకోండి. ఇంకో చిక్కుంది. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు బతికున్న వైరస్‌తో చేసినవి. అవి వేసుకున్నాక టీబీ పరీక్ష చేస్తే, ఉన్నది లేనట్టు చూపవచ్చు. రెండూ ఒకే రోజు చేయించుకోండి, లేదా టీకా తర్వాత నాలుగు వారాలు ఆగండి. గర్భిణులు ఈ రెండు టీకాలు వేసుకోకూడదు.

కొత్తచేరిక:
చాలా థాంక్సండీ. డ్యూటీ రోజున కొద్దిగా జలుబు ఉంటే వెళ్లవచ్చా?

వార్డుసాయం:
వెళ్లకండి. సమన్వయకర్తకు ఫోన్ చేసి చెబితే చాలు. ఒప్పందంలో కనీస గంటల షరతు ఉంటే, జబ్బుచేసి మానేసిన రోజులు ఎలా లెక్కిస్తారో కూడా ఇప్పుడే అడగండి. సంతకాలయ్యాక ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.