వరంగల్‌లో మూడు రోజులు: బస ఎక్కడ చూసుకోవాలి?

విశాఖ తీరం:
నమస్తే అందరికీ. వచ్చే నెల నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న వరంగల్ వస్తున్నాం. వేయిస్తంభాల గుడి, భద్రకాళి అమ్మవారు, కోట, రామప్ప చూడాలి. మా రైలు తెల్లవారకముందే వరంగల్ స్టేషన్‌లో దించుతుంది. నాన్నకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. రెండు గదులు కావాలి, ఒక్కో గది పదిహేను వందలు దాటకూడదు. యాప్‌లో వరంగల్ అని కొడితే హన్మకొండ, కాజీపేట, హంటర్ రోడ్ అని రకరకాలుగా చూపిస్తోంది. ఏది దేనికి దగ్గరో అర్థం కాక టెన్షన్‌గా ఉంది. అక్కడివాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ పాతకాపు:
తమ్ముడూ, యాప్‌ది తప్పు కాదు. వరంగల్ అంటే ఒక ఊరు కాదు, మూడు ఊర్లు కలిసిపోయాయి. వరంగల్, హన్మకొండ, కాజీపేట. 2021లో జిల్లాలను కూడా హన్మకొండ, వరంగల్ అని వేరు చేశారు కాబట్టి బయటివాళ్ళకు ఇంకా అయోమయం. నేను మా చుట్టాలకు చెప్పే గుర్తు ఒకటే: అడ్రస్‌లో పిన్‌కోడ్ చూడండి. 506001 అయితే హన్మకొండ, 506002 అయితే వరంగల్, 506003 అయితే కాజీపేట. ఫొటోలు చూసి మురిసిపోయే ముందు ఈ నంబర్ చూస్తే సగం పని అయిపోతుంది.

మీకైతే హన్మకొండే మంచిది. వేయిస్తంభాల గుడి హన్మకొండలోనే ఉంది. భద్రకాళి చెరువు, గుడి హన్మకొండకు, వరంగల్‌కు మధ్యలో ఉంటాయి, ఆటోలో కాసేపట్లో వెళ్ళిపోవచ్చు. రామప్ప కోసం ములుగు వైపు బస్సు హన్మకొండ బస్టాండ్‌లోనే ఎక్కొచ్చు. కోట ఒక్కటే వరంగల్ స్టేషన్‌కు అవతల ఉంది, దానికి ఒక పూట ఆటో మాట్లాడుకుంటే సరిపోతుంది.

హన్మకొండలో కూడా చౌరస్తా వేరు, నక్కలగుట్ట, సుబేదారి వైపు వేరు. చౌరస్తా దగ్గర, బస్టాండ్ చుట్టుపక్కల లాడ్జీలు ఉంటాయి, కిరాయి తక్కువ, రాత్రి పొద్దుపోయాక కూడా తిండి దొరుకుతుంది. హారన్ల మోత మాత్రం ఆగదు. నక్కలగుట్ట వైపు కొంచెం పెద్ద హోటళ్ళు, రోడ్లు వెడల్పు. పర్యాటక సంస్థవాళ్ళ హరిత కాకతీయ కూడా అక్కడే. పెద్దవాళ్ళతో వస్తున్నారు కాబట్టి నా ఓటు అటే.

కాజీపేట జంక్షన్:
అన్న చెప్పింది కరెక్టే కానీ రైలు సంగతి వదిలేశారు. వరంగల్ స్టేషన్‌కు, కాజీపేట స్టేషన్‌కు మధ్య పది కిలోమీటర్లు. కొన్ని రైళ్ళు రెండు చోట్లా ఆగుతాయి, కొన్ని ఒక్కచోటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగి బల్లార్షా వైపు మళ్ళిపోతుంది, వరంగల్ స్టేషన్‌కు రానే రాదు. చెన్నై, ఢిల్లీ మధ్య తిరిగే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, కాజీపేటకు రాదు. మా ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన టికెట్ మీద కాజీపేట అని ఉన్నా సరిగ్గా చూసుకోక, వరంగల్ స్టేషన్ ఎదురుగా గది తీసుకున్నాడు. పొద్దున్నే ఆ పది కిలోమీటర్లు ఆటోలో పరుగెత్తుకుంటూ వచ్చి ఆఖరి నిమిషంలో బండి ఎక్కాడు. మీ తిరుగు టికెట్ ఏ స్టేషన్ నుంచో ముందు చూసుకోండి.

ఒంటరి బాటసారి:
నేను ఎప్పుడూ ఒక్కడినే, తక్కువ ఖర్చులో తిరుగుతాను. రైలు టికెట్ కన్ఫర్మ్ అయి ఉంటే ఆ పీఎన్ఆర్ నంబర్‌తో స్టేషన్ రిటైరింగ్ రూమ్ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. దొరికితే అంతకన్నా చవక లేదు. దొరకనప్పుడు స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జీల్లోనే దిగుతాను. పోయినసారి ఏసీ లేని గది ఏడు వందలకు ఇచ్చారు.

తెల్లవారకముందే దిగేవాళ్ళు ఒక మాట తప్పకుండా అడగాలి: ఇరవై నాలుగు గంటల చెక్‌అవుటా, మధ్యాహ్నం పన్నెండు గంటల చెక్‌అవుటా? పన్నెండు గంటలదైతే నాలుగింటికి దిగిన గదికి ఆ మధ్యాహ్నానికే ఒక రోజు కిరాయి అయిపోతుంది. ఇది తెలియక నేను ఒకచోట ఒక్క రాత్రి పడుకుని రెండు రోజుల డబ్బు కట్టాను. అదే లాడ్జిలో ఆన్‌లైన్‌లో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. కిటికీ లేదు, గోడంతా చెమ్మ. అప్పటి నుంచి సామాను కిందే పెట్టి, గది కళ్ళతో చూసి, కుళాయి తిప్పి చూశాకే పైసలు ఇస్తున్నాను.

అత్తగారితో యాత్ర:
మీ నాన్నగారి సంగతి చదివి రాస్తున్నాను. మా అత్తయ్యకూ మోకాళ్ళే. లిఫ్ట్ ఉంది అని రాసి ఉంటే నమ్మకండి, ఫోన్ చేసి అడగండి. మేము దిగిన చోట లిఫ్ట్ ఉంది కానీ అది మొదటి అంతస్తు నుంచి మొదలు. రోడ్డు నుంచి అక్కడిదాకా పద్దెనిమిది మెట్లు. కింద దుకాణాలు ఉన్న బిల్డింగుల్లో ఇలా ఉంటుంది. ఆవిడను ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని ఎక్కించాం. ఆ మూడు రోజులూ పొద్దున ఒక్కసారి దించితే మళ్ళీ రాత్రికే తీసుకొచ్చాం, మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చే వీలే లేకపోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కాబట్టి వరుసగా అడగండి. లిఫ్ట్ రోడ్డు మట్టం నుంచి ఉందా? బాత్రూమ్‌లో కమోడ్ ఉందా? వేడినీళ్ళు ఎప్పుడైనా వస్తాయా, పొద్దున రెండు గంటలేనా? పక్కన ఫంక్షన్ హాల్ ఉందా? ఈ చివరిది చాలామందికి తట్టదు. ముహూర్తాలు ఉన్న రోజుల్లో బరాత్ అర్ధరాత్రి దాకా నడుస్తుంది, ఆ రోజుల్లో గదులు కూడా పెళ్ళివారే తీసేసుకుంటారు. మీ తేదీలు పంచాంగంలో ఒకసారి చూసుకోండి.

విశాఖ తీరం:
అక్కా, లిఫ్ట్ సంగతి నాకు అస్సలు తట్టలేదు. చాలా థ్యాంక్స్. కోట దగ్గరే ఉండే వీలు లేదా? నాకు కోట మీదే ఎక్కువ ఇష్టం.

మధ్యకోట వాసి:
మాది కోట లోపలి ఊరే. బయటివాళ్ళు కోట అంటే ఖాళీ శిథిలాలు అనుకుంటారు. ఇక్కడ తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట అని ఇళ్ళు, పొలాలు, బడులు అన్నీ ఉన్నాయి. యాత్రికులు దిగే లాడ్జీలు మాత్రం ఇక్కడ వెతక్కండి. కోట ఇష్టమైనవాళ్ళు వరంగల్ స్టేషన్ వైపు దిగాలి. అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మీదుగా వస్తే కోట రెండు, మూడు కిలోమీటర్లే.

పొద్దున ఎండ ముదరకముందే రండి. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు, చెక్కిన రాళ్ళు మాత్రం నేలంతా పరిచి ఉంటాయి. రాష్ట్ర చిహ్నంలో మీరు చూసే తోరణం ఇదే. పక్కనే ఖుష్ మహల్. హన్మకొండలో దిగినవాళ్ళు టిఫిన్ చేసి, ఆటో మాట్లాడుకుని వచ్చేసరికి పది దాటుతుంది, అప్పటికి రాయి కాలుతుంటుంది. గంటలో ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. లోపలి రాతిగోడ, బయటి మట్టిగోడ చూసేవాళ్ళు వందలో ఒకరు. ఆ మట్టికట్ట మీద కాసేపు నిలబడితేనే కాకతీయుల ఓరుగల్లు ఎంత పెద్దదో తెలుస్తుంది. అందుకే హన్మకొండ ఒక్కటే సరైనది అంటే నేను ఒప్పుకోను.

కొత్తవాడ మగ్గం:
నేనూ వరంగల్ వైపే అంటాను. పోచమ్మ మైదాన్ దగ్గర దిగితే కొత్తవాడ పక్కనే. వరంగల్ దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసేది అక్కడే, వాటికి 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. నేసేవాళ్ళ దగ్గరే చూసి కొనుక్కోవచ్చు.

ములుగు దారి:
రామప్పను హన్మకొండ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రానికి చూసి రావచ్చు, పోను సుమారు డెబ్బై కిలోమీటర్లు. చేతిలో కొంచెం డబ్బు ఉంటే మాత్రం ఒక రాత్రి లక్నవరం చెరువు దగ్గర ఉండండి. వేలాడే వంతెన దాటితే దీవి మీద హరిత కాటేజీలు ఉన్నాయి. శని, ఆదివారాలు ముందే నిండిపోతాయి. పొద్దున్నే బయల్దేరి రామప్పకు వస్తే జనం రాకముందే గుడంతా ప్రశాంతంగా చూసుకోవచ్చు. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో జాబితాలో చేరాక రద్దీ బాగా పెరిగింది. చెప్పులు లేకుండా నడవాలి, మధ్యాహ్నం రాతి మీద అడుగు పెట్టలేరు. నాన్నగారికి సాక్సులు తెచ్చుకోండి.

ఇంకొకటి. మేడారం జాతర రోజుల్లో రావద్దు, జాతర కోసమే వస్తే తప్ప. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో మా బంధువులకు హన్మకొండ నుంచి ములుగు దాకా ఒక్క గది దొరకలేదు, మా ఇంట్లోనే పద్నాలుగు మంది పడుకున్నారు.

బతుకమ్మ పూలు:
జాతరప్పుడు గదులు దొరకవు నిజమే. బతుకమ్మకు మాత్రం కష్టమైనా రావాలంటాను నేను. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్ళను చూడడానికి రెండు కళ్ళు చాలవు. ఆ తొమ్మిది రోజులకు నెల ముందే గది మాట్లాడుకోండి.

హన్మకొండ పాతకాపు:
వానాకాలం వచ్చేవాళ్ళకు కూడా ఒక మాట. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి. గట్టి వానకు అండర్ బ్రిడ్జి కింద కూడా నీళ్ళు నిలుస్తాయి. ఆ నెలల్లో కింది అంతస్తు గది తీసుకోకండి.

బిల్లు లెక్క:
రోజుకు 7,500 లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. నాకు ఒకచోట అక్టోబర్‌లో కూడా పాత లెక్కే వేశారు. అడిగితే మార్చి ఇచ్చారు. బిల్లు చూసి కట్టండి.

విశాఖ తీరం:
వెళ్ళొచ్చాం. అందరూ అడగమన్నవన్నీ కాగితం మీద రాసుకుని ఆరు చోట్లకు ఫోన్ చేశాను. నాలుగు చోట్ల లిఫ్ట్ మెట్ల తర్వాతే! చివరికి హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో, రోడ్డు మట్టం నుంచే లిఫ్ట్ ఉన్నచోట, ఇరవై నాలుగు గంటల చెక్‌అవుట్‌తో గది పద్నాలుగు వందలకు కుదిరింది. గుడికి నడిచి వెళ్ళేంత దూరం. కోటకు మధ్యకోట అన్న చెప్పినట్టు ఆరున్నరకే బయల్దేరాం, టిఫిన్ తిరిగొచ్చాకే చేశాం. లక్నవరం బడ్జెట్‌లో పట్టలేదు, రామప్పకు పొద్దున కారు మాట్లాడుకుని వెళ్ళొచ్చాం.

వేయిస్తంభాల గుడికి మొదటి రోజు వెళ్ళినప్పుడు నాన్న మెట్లు ఎక్కలేక నల్లరాతి నంది దగ్గరే కూర్చుండిపోయారు. 2024లో మళ్ళీ తెరిచిన కల్యాణ మండపం మేం ముగ్గురమే చూశాం. మర్నాడు పొద్దున నేను లేచేసరికి గదిలో నాన్న లేరు. కంగారుగా గుడికి పరుగెత్తాను. ఒక్కొక్క మెట్టూ కూర్చుని కూర్చుని ఎక్కారట, మండపంలో స్తంభానికి ఆనుకుని పైకప్పు చూస్తూ కూర్చున్నారు. నన్ను చూసి, కాసేపు నువ్వూ కూర్చో అన్నారు.