‘మేయర్ పీఠం’ అనడం సబబేనా?

గోదారిగట్టు:
కార్పొరేషన్ ఎన్నికలు వస్తే చాలు, ‘మేయర్ పీఠం ఎవరికి?’ అని పేపర్లలో హెడ్డింగులు మొదలవుతాయి. ఐదేళ్ల కోసం ఓట్లతో వచ్చేదాన్ని పీఠం అనడం నాకు నచ్చదు. పీఠం అనగానే శృంగేరి, కంచి గుర్తొస్తాయి. శుభ్రంగా ‘మేయర్ పదవి’ అనొచ్చు కదా?

పదాలపేట:
పీఠం అంటే కూర్చునే ఆసనమేనండీ. మనం భోజనానికి వేసుకునే పీట కూడా అందులోంచి వచ్చిందే. న్యాయపీఠం అంటే ఎవరికీ మఠం గుర్తు రాదు.

అయితే మేయర్ అన్న మాట పుట్టుకలో ఆసనం లేదు, ఒప్పుకుంటాను. లాటిన్‌లో ‘మైయోర్’ అంటే మరింత పెద్ద. అది ఫ్రెంచిలో ‘మేర్’ అయి ఇంగ్లీషుకు చేరింది. మన మేజర్ పంచాయతీలోని ‘మేజర్’ కూడా అదే లాటిన్ మాట. పదవిని చెప్పే ‘మేయరాల్టీ’ కూడా ఆ పెద్దరికం మీద కట్టిందే. పీఠం మనం చేర్చుకున్నది.

కానీ చేర్చడం తప్పు కాదు. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు నేథనియల్ హిగిన్సన్ తొలి మేయర్. అక్కడ మేయర్, ఆల్డర్‌మెన్ (కార్పొరేషన్‌లోని పెద్ద సభ్యులు) కలిసి కోర్టుగా కూర్చుని తగువులు తీర్చేవారు. దాని పేరే మేయర్ కోర్టు. స్పెయిన్‌లో మేయర్‌ని ‘అల్కాల్దే’ అంటారు. అది అరబ్బీ ‘అల్ ఖాదీ’, అంటే న్యాయాధికారి. తీర్పు చెప్పేవారి ఆసనాన్ని పీఠం అనక ఏమంటాం?

సిరిమల్లె:
మరాఠీ, హిందీల్లో ‘మహాపౌర్’ ఉంది, మనమూ ‘మహాపౌరుడు’ అందామా అంటే నేను వద్దంటాను. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మహిళా మేయర్లను చూశాయి. ‘మేయర్’ అంటే ఆ గొడవే లేదు.

గోదారిగట్టు:
పదాలపేట గారూ, మద్రాసు మేయర్ తీర్పులు చెప్పారు సరే. ఇప్పుడు మన నగరాల్లో రోజువారీ పాలన కమిషనర్ చేతిలో ఉంటుంది. మేయర్ ముఖ్యంగా కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు. పీఠం అనేసరికి నగరమంతా ఆ ఒక్కరి మాట మీదే నడుస్తుందనుకుంటాం. డ్రైనేజీ పొంగినా, వీధిలైటు వెలగకపోయినా తిట్లు అటే పోతాయి.

పదాలపేట:
అధ్యక్షత వహించడమే అసలు పని అయితే, ఆ కుర్చీ పేరుతో పిలవడం ఇంకా సరిపోయింది కదండీ! అధికారాల సంగతి వేరు. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో 18 అంశాలున్నాయి. వాటిని పట్టణ సంస్థలకు ఎంతవరకు అప్పగించారో ప్రభుత్వాలను నిలదీయాలి.

గోదారిగట్టు:
అది తప్పకుండా అడగాల్సిందే. కౌన్సిల్ హాల్లో వేదిక మీది కుర్చీని పీఠం అంటే నాకు అభ్యంతరం లేదు. ఎన్నికల వార్తలో మాత్రం నేను ‘పదవి’ అనే రాస్తాను.