పెద్ద ఓడరేవు నగరంలో జనాన్ని నిలబెట్టేది ఏమిటి?

గట్టుమీద (ప్రశ్న)

పాత డాకులు ఖాళీ అయిన చోట కొత్తగా కట్టిన రేవు పేటల ప్లాన్లు వరసగా చూస్తున్నాను. కొన్నిచోట్ల పొద్దున్నుంచి రాత్రి దాకా జనం ఉంటారు. ఇంకొన్నిచోట్ల అదే ఖర్చు, అదే గ్రానైటు పరుపు, అయినా సాయంత్రం ఆరు దాటితే సెక్యూరిటీ గార్డు తప్ప మనిషి కనపడడు. అక్కడే కాపురం ఉండేవాళ్ళకీ, రెండు రోజులకి వచ్చిపోయేవాళ్ళకీ నచ్చాలంటే ఏం ఉండాలి? "సముద్రం, సంస్కృతి, తిండి" లాంటి బ్రోషర్ జవాబులు వద్దు. ప్లాను చేతికిస్తే ముందు ఏం చూస్తారో చెప్పండి.

పటంరాయుడు (జవాబు)

నీటికీ పాత పేటకీ మధ్య ఏముందో ముందు చూస్తాను. చాలా ఊళ్ళలో అక్కడ ఉండేది పెద్ద రోడ్డో, సరుకు రైలు పట్టాలో. 1956లో ఐడియల్-ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో (సరుకు నింపిన పెద్ద పెట్టెలతో) నెవార్క్ నుంచి హ్యూస్టన్ వెళ్ళింది. ఆ పద్ధతి అంతటా పాకాక రేవుకి గోదాముల వరసతో పని తగ్గి, విశాలమైన యార్డు, లోతైన నీళ్ళు అవసరమయ్యాయి. పని ఊరి బయటికి జరిగింది. లండన్ లోపలి డాకులు 1981 నాటికి మూతపడ్డాయి. నడిబొడ్డున ఖాళీ నేల మిగిలింది గానీ, సరుకు కోసం వేసిన అడ్డుగోడలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి.

శాన్ ఫ్రాన్సిస్కోలో తీరాన్ని కప్పేసిన ఎంబార్కడెరో ఫ్లైఓవర్ 1989 భూకంపానికి దెబ్బతింటే, 1991లో కూల్చేశారు. దాని బదులు నేలమట్టాన రోడ్డు, ట్రాము వచ్చాయి. బార్సిలోనా 1992 ఒలింపిక్స్ కోసం తీరం వెంట వెళ్ళే రింగురోడ్డును చాలాచోట్ల పల్లంలోకి దింపి, కొంతమేర పైన కప్పింది.

ప్లాను మీద పాత బజారు నుంచి నీటి అంచు దాకా వేలితో గీత గీయండి. ఎన్ని సిగ్నళ్ళు, ఎన్ని మెట్లు తగులుతాయి? ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగాల్సి వస్తే ముసలివాళ్ళు, పిల్లల బండి తోసేవాళ్ళు రెండోసారి రారు. నా లెక్కలో నేలమట్టపు దారి 200 మీటర్లకొకటైనా ఉండాలి. ఒడ్డు వెంట నడక కూడా తెగకూడదు. ఒక్క హోటలు తన టెర్రస్‌ని నీళ్ళ దాకా జరిపిందంటే మిగతా ఒడ్డంతా దండగే. బోస్టన్‌లో 60 కిలోమీటర్లకు పైగా ఉన్న హార్బర్‌వాక్ చాలావరకు ప్రైవేటు స్థలాల ముందు నుంచే పోతుంది. నీటి అంచున కట్టేవాళ్ళు జనానికి దారి వదలాలని అక్కడ చట్టం ఉంది కాబట్టి సాధ్యమైంది.

ఆటుపోటు (జవాబు)

ఫెర్రీ సంగతి మరిచారు. హాంబర్గ్‌లో 62 నంబరు ఫెర్రీ ఎక్కడానికి సిటీ బస్సు, మెట్రో టికెట్టే చాలు. ఆఫీసుకెళ్ళేవాడూ, కెమెరా పట్టుకున్నవాడూ ఒకే డెక్కు మీద నిలబడతారు. సిడ్నీ సర్క్యులర్ కీలో ఫెర్రీ దిగితే రైలూ లైట్‌రైలూ ఎదురుగానే. విడిగా ఖరీదైన టికెట్టు పెట్టి "హార్బర్ క్రూయిజ్" అన్నారో, అది విహారమే, రవాణా కాదు.

డిజైనులో ఎక్కువగా దెబ్బతినేది ర్యాంపు. పోటుకీ ఆటుకీ తేడా 3 మీటర్లు ఉందనుకోండి. పోటప్పుడు గట్టుకి సమంగా నిలిచే పాంటూను (ఫెర్రీ ఆగే తేలే వేదిక) ఆటు వేళ 3 మీటర్లు కిందికి దిగుతుంది. అప్పుడు కూడా 1:12 వాలు (12 మీటర్ల పొడవుకి ఒక మీటరు ఎత్తు) నిలవాలంటే 36 మీటర్ల ర్యాంపు కావాలి. చోటు లేదని 12 మీటర్లదే వేస్తే వాలు 1:4 అవుతుంది. వీల్‌చెయిర్ మాట దేవుడెరుగు, సైకిలు తోసుకుంటూ ఎక్కడమే గగనం. అంత చోటు లేనప్పుడు ర్యాంపును మలుపులు తిప్పాలి, లేదా జెట్టీని నీళ్ళలోకి ఇంకా ముందుకు జరపాలి. ఇది తేలకుండా ఫెర్రీ రూటు గీయడం వృథా.

అద్దెలెక్క (జవాబు)

పై ఇద్దరూ చెప్పింది నిజమే గానీ, దారి వేసినంత మాత్రాన జనం ఉండిపోరు. సాయంత్రం ఆరుకి ఖాళీ అవడానికి కారణం గ్రౌండ్ ఫ్లోరు. 3 మీటర్ల ఎత్తు, పొగ బయటికి పోయే డక్టు లేదు, సరుకు దించుకునే వెనక గేటు లేదు. అలాంటి చోటికి బ్యాంకో, రియల్ ఎస్టేట్ ఆఫీసో తప్ప హోటలు పెట్టేవాడు రాడు. హాంబర్గ్‌లో పాత రేవు నేల మీద కట్టిన హాఫెన్‌సిటీ పేటలో చాలాచోట్ల గ్రౌండ్ ఫ్లోరు 5 మీటర్ల ఎత్తు ఉండాలని ముందే రాసిపెట్టారు. స్థలాలు ఇచ్చేటప్పుడు కూడా ధరకి 30 శాతం, అందులో ఏం పెడతారన్న ఆలోచనకి 70 శాతం మార్కులు. అయినా మొదట కట్టిన పడమటి భాగంలో ఖరీదైన ఇళ్ళే ఎక్కువయ్యాయి. ఇళ్ళలో మూడో వంతు సబ్సిడీవి ఉండాలన్న నియమం తర్వాతి స్థలాలకే వర్తించింది.

నానా దేశాలవాళ్ళు రేవు ఊళ్ళలో కుదురుకున్నది స్టేషను వెనకా, గోదాముల పక్కనా అద్దెలు తక్కువగా ఉన్న సందుల్లో. ఆ సందుల్ని "అభివృద్ధి" చేసి, తర్వాత ఆహ్వానించాలంటే ఎవరూ రారు. పర్యాటకుల అద్దె ఫ్లాట్లు పెరిగినా అంతే, కాపురం ఉండేవాళ్ళకి చోటు మిగలదు. బార్సిలోనా 2028 నవంబరు నాటికి అలాంటి 10,101 లైసెన్సులనూ పునరుద్ధరించకుండా వదిలేయాలని నిర్ణయించింది. క్రూయిజ్ ఓడలకీ ముందే లెక్క కట్టాలి, ఎందుకంటే వేల మంది ఒకే గంటలో దిగుతారు, రాత్రికి పడుకోవడం మాత్రం ఓడలోనే. క్రొయేషియాలోని దుబ్రోవ్‌నిక్ రోజుకి రెండే ఓడలని హద్దు పెట్టుకుంది.

గట్టుమీద

బాగుందండీ. ఒక సందేహం. పనిచేసే రేవు పక్కనే ఇళ్ళు కడితే మోత, పొగ భరించగలరా? రేవును పూర్తిగా పంపేయడమే నయం కదా?

క్రేన్‌బాబు (జవాబు)

పంపేయకండి. ఓడలు, క్రేన్లు కనపడకపోతే అది మామూలు ఏటిగట్టే. అలాగని గేట్లు తెరిచేయడం కుదరదు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలు ఆగే బెర్తులకి 2004 జులై నుంచి ఐఎస్‌పీఎస్ అనే అంతర్జాతీయ ఓడ, రేవు భద్రతా నియమాలు వర్తిస్తున్నాయి, లోపలికి అనుమతి ఉన్నవాళ్ళే వెళ్ళాలి. కాబట్టి కంచె ఇవతల ఎత్తయిన చోటు చూసి అక్కడ నిలబడి చూసే వీలు కల్పించండి.

పొగకి మందు ఒడ్డు కరెంటు. కట్టేసి ఉన్నా ఓడ తన లైట్లు, ఏసీల కోసం లోపలి జనరేటర్లు నడుపుతూనే ఉంటుంది. 6.6 లేదా 11 కిలోవోల్టుల కేబులు ఒడ్డు నుంచి ఇస్తే వాటిని ఆపేయొచ్చు. చిక్కల్లా ఫ్రీక్వెన్సీతో. గ్రిడ్డు 50 హెర్ట్జ్‌ది అయితే, చాలా పెద్ద ఓడలు 60 మీద నడుస్తాయి. ఫ్రీక్వెన్సీ మార్చే కన్వర్టర్ లేకుండా పెట్టిన సాకెట్టు రిబ్బను కత్తిరించడానికే పనికొస్తుంది. సబ్‌స్టేషనుకీ కన్వర్టరుకీ స్థలం మాస్టర్ ప్లానులోనే వదలాలి, తర్వాత ఇళ్ళ మధ్య దొరకదు.

మోతకి, పడకగదులు రేవు వైపు పెట్టకండి. తప్పకపోతే, కాస్త తెరిచి ఉంచినా చప్పుడు తగ్గించే కిటికీలు ఉన్నాయి, హాఫెన్‌సిటీలో వాడారు. రాత్రిపూట రేవు నడుస్తుందని ఇల్లు కొనేవాళ్ళ పత్రాల్లోనే రాయించండి. లేదంటే ఏడాది తిరక్కుండా క్రేన్లు ఆపమని కోర్టుకెళ్తారు.