ములుగు ఫారెస్ట్రీ కాలేజీ: అమ్మాయిని చేర్పించమంటారా?

ఉప్పల్ నాన్న:
మా అమ్మాయికి సిద్దిపేట జిల్లా ములుగు ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ సీటు వచ్చేలా ఉంది. నాలుగేళ్ల కోర్సు. "చివరికి మొక్కలు నాటడమేగా" అని బంధువులు తేల్చేస్తున్నారు. పిల్లకేమో మట్టి, నీళ్లంటే ప్రాణం. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పని చేసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ రేంజర్, బోయిన్‌పల్లి:
చేర్పించండి సార్. నేను రేంజర్‌గా చేసి, తర్వాత చాలాకాలం కొత్త బీట్ ఆఫీసర్లకు, అంటే అడవిలో ఒక్కో భాగాన్ని చూసుకునేవాళ్లకు, పాఠాలు చెప్పాను. మొక్క నాటేది ఆఖర్న. ముందు వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. మన చుట్టుపక్కల ఎర్ర చల్క నేలలు ఎక్కువ. వాలు మీద గట్టి వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి మొరం తేలుతుంది. అందులో నాటితే ఏం బతుకుతుంది?

అందుకే మొదటి క్లాసు గుట్ట మీదే పెట్టేవాణ్ణి. ఒకే పొడవున్న రెండు కర్రలు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, కొస నుంచి దారానికి రాయి వేలాడదీయాలి. దారం అడ్డకర్ర మీది నడిమి గుర్తుకు తగిలితే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా గుర్తులు పెట్టుకుంటూ పోయి, వాన నీళ్లు ఆగి ఇంకేలా ఆ వరసలో కందకాలు తవ్వించాలి. తీసిన మట్టి పల్లం వైపే పోయాలి. ఎగువన పోస్తే వానకి మళ్లీ కందకంలోకే వస్తుంది. ఇది చేత్తో చేస్తేగానీ ఒంటబట్టదు.

ఊరివాళ్లతో మాట్లాడటం కూడా చదువే. ఎండాకాలం మేకలకు మేత ఎక్కడో కాపరిని అడగకుండా కంచె వేస్తే ఆ కంచె నిలవదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు, అంటే అడవిని కాపాడుకునే ఊరి సంఘాలు, మొదలైంది అందుకే. ఊరు కాపాడుకోని అడవిని ఏ బీట్ ఆఫీసరూ ఒక్కడే కాపాడలేడు.

శంకర్‌పల్లి రైతు:
సార్ చెప్పింది నిజం. అమ్మాయికి మా వైపు కొత్తపల్లి చూపించండి. 1999లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌వాళ్లు ఊరివాళ్లతో కలిసి, వాన నీళ్లను ఎక్కడికక్కడ ఆపే వాటర్‌షెడ్ పని మొదలుపెట్టారు. చెక్‌డ్యాంలు కట్టి, గట్ల మీద గిరిపుష్పం చెట్లు పెంచారు. దాని ఆకు పొలానికే ఎరువు. బావుల్లో నీళ్లు పెరిగాయి.

ఉప్పల్ నాన్న:
ధన్యవాదాలండీ. మరి ఉద్యోగాలు?

రిటైర్డ్ రేంజర్, బోయిన్‌పల్లి:
రాష్ట్రంలో బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులుంటాయి. నోటిఫికేషన్లు ఏటా రావు, అది ముందే తెలుసుకోవాలి. ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) అయితే యూపీఎస్సీ పరీక్ష. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే రాయాలి. పరిశోధన ఇష్టమైతే దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అమ్మాయిని తీసుకుని రండి, కర్రలు నేను తెస్తాను.