పెరటి షెడ్డు గోడలు: నిలువు కర్రల మధ్య దూరం, షీట్లు బిగించే క్రమం గురించి సలహా కావాలి

ఫ్రిస్కో_పెరడు:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. పెరట్లో తోట సామాను, సైకిళ్లు, పండుగలకు మాత్రమే బయటికి తీసే పెద్ద పాత్రలు పెట్టుకోవడానికి 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల షెడ్డును సొంతంగా కట్టుకుంటున్నాను. కాలనీ సంఘం అనుమతి వచ్చింది. నగర కార్యాలయంలో విచారించి, అక్కడ కావలసిన కాగితాలు కూడా పూర్తి చేశాను. నేల పని ముగిసింది. ట్రీటెడ్ (కుళ్లకుండా రసాయనం పట్టించిన) 2×6 జాయిస్టుల, అంటే నేలను మోసే అడ్డ కర్రల, మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్ వేశాను. కర్ణాలు రెండూ 15 అడుగుల 7 7/16 అంగుళాలే వచ్చాయి కనుక నేల మూలమట్టానికి ఉన్నట్టే భావిస్తున్నాను.

ఇప్పుడు గోడలు మొదలుపెట్టాలి. మా ఊళ్లో ఇటుక గోడ లేవడం, మేస్త్రి తూకం గుండు వేలాడదీసి చూడటం చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడినే గాని, కర్ర చట్రంతో లేచే గోడకు బలం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇంకా స్పష్టంగా తెలియదు. అది తెలుసుకున్న తరువాతనే కర్రలు కోయాలని ఆగాను. నా సందేహాలు ఇవి. నిలువు కర్రలను, అంటే స్టడ్డులను, 16 అంగుళాలకు ఒకటి పెట్టాలా, 24 అంగుళాలకు ఒకటి సరిపోతుందా? దుకాణంలో 92⅝ అంగుళాలకు ముందే కోసి అమ్మే స్టడ్డులను అలాగే వాడవచ్చా? ముందు ఓఎస్‌బి షీట్లు (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన పలకలు) కొట్టి దాని మీద సైడింగ్, అంటే బయటికి కనిపించే గోడ పొర, వేయాలా, సైడింగ్ ప్యానెళ్లనే నేరుగా చట్రానికి కొట్టవచ్చా? షీట్లను గోడ నేల మీద పడుకొని ఉన్నప్పుడే బిగించాలా, నిలబెట్టిన తరువాతనా? చివరగా, 12 అడుగుల గోడ మధ్యలో 5 అడుగుల జంట తలుపు పెట్టాలని అనుకుంటున్నాను. అందువల్ల గోడ బలహీనపడుతుందా?

ఎడిసన్_వడ్రంగం:

నేల మూలమట్టానికి వచ్చిందంటే కష్టమైన పని సగం దాటినట్టే. నేను న్యూజెర్సీలో ఇలాంటి షెడ్డులు నాకూ, స్నేహితులకూ కట్టాను కాబట్టి కట్టేవాడి వైపు నుంచి చెబుతాను.

ఈ పనిలో కొలతలన్నిటినీ నిర్ణయించేది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉన్న షీటు. షీటు వెడల్పు 48 అంగుళాలు కాబట్టి 16 అంగుళాల లెక్కలో మూడు ఖాళీలు, 24 అంగుళాల లెక్కలో రెండు ఖాళీలు సరిగ్గా ఇముడుతాయి. ఏ దూరం ఎంచుకున్నా షీటు నిలువు అంచు తప్పనిసరిగా ఒక స్టడ్డు మధ్యరేఖ మీద పడాలి, అప్పుడే పక్క షీటు అంచుకు కూడా మేకు కొట్టడానికి ముప్పావు అంగుళం కర్ర మిగులుతుంది. 2×4 అని పిలిచే కర్ర నిజంగా 1½ × 3½ అంగుళాలే ఉంటుంది కనుక, గోడ చివర నుంచి టేపు పట్టి మొదటి గుర్తును 16 దగ్గర కాక 15¼ దగ్గర పెట్టి, స్టడ్డును ఆ గీతకు అవతలి వైపు నిలపాలి. ఆ తరువాతి గుర్తులు 31¼, 47¼ దగ్గర వస్తాయి. అడుగు పట్టెను, పై పట్టెను (స్టడ్డుల కిందా పైనా అడ్డంగా వచ్చే కర్రలను) పక్కపక్కన పెట్టి ఒకేసారి రెండింటి మీదా గీతలు గీస్తే పైకీ కిందికీ తేడా రాదు.

నా అభిప్రాయంలో 16 అంగుళాలే మేలు. షెడ్డు గోడలకు మనం అరలు, కొక్కేలు, నిచ్చెనలు తగిలిస్తూనే ఉంటాము, మేకు కొట్టాలన్న చోట కర్ర దొరకడం పెద్ద సౌకర్యం. 12 అడుగుల గోడకు 24 లెక్కలో 7 స్టడ్డులు, 16 లెక్కలో 10 పడతాయి. అదనంగా పట్టే కర్ర ఏమంత ఎక్కువ కాదు.

ఇక 92⅝ అంగుళాల స్టడ్డులను మాత్రం కొనవద్దు. వాటికి అడుగున ఒక పట్టె, పైన రెండు పట్టెలు చేరితే గోడ ఎత్తు 97⅛ అంగుళాలు అవుతుంది. మీ షీటు 96 అంగుళాలే. ఆ స్టడ్డులు ఇళ్ల లోపలి జిప్సం బోర్డు లెక్కకు కోసినవి, షెడ్డుకు పనికిరావు. స్టడ్డును 90 అంగుళాలకు కోస్తే గోడ 94½ వస్తుంది, షీటు పై పట్టె నుంచి మొదలై నేల అంచు మీదికి ఒకటిన్నర అంగుళం దిగుతుంది.

షీట్లను గోడ పడుకొని ఉండగానే బిగించండి. కర్ణాలు సరిచూసి షీటు కొట్టేస్తే చట్రం ఇక కదలదు, నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది.

హ్యూస్టన్_స్ట్రక్చరల్:

నేను నిర్మాణ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. బలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తెలిస్తే మిగిలిన సందేహాలలో చాలా వాటికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

కప్పు బరువును నేలకు దింపేవి స్టడ్డులు. ఆ పనికి మీ కొలతల షెడ్డులో 24 అంగుళాల దూరం కూడా చాలు. అమెరికాలో ఎక్కువ నగరాలు అనుసరించే నివాస నియమావళి, కప్పును మాత్రమే మోసే ఒకే అంతస్తు గోడకు 2×4 స్టడ్డులను 24 అంగుళాలకు ఒకటి చొప్పున అనుమతిస్తుంది. కానీ గాలి పక్క నుంచి తోసినప్పుడు స్టడ్డులు ఒంటరిగా ఏమీ చేయలేవు. మేకులతో కలిపిన దీర్ఘచతురస్రం చాలా సులభంగా పక్కకు ఒరిగి సమాంతర చతుర్భుజంగా మారిపోతుంది. ఆ ఒరుగుడును ఆపేది షీటు. షీటు తన ఆకారాన్ని మార్చుకోదు కాబట్టి చట్రాన్ని కూడా మారనివ్వదు, అయితే ఆ పట్టు అంతా అంచుల వెంట కొట్టిన మేకుల ద్వారానే అందుతుంది. అందుకే షీటు అంచుల వెంట 6 అంగుళాలకు ఒక మేకు, లోపలి స్టడ్డుల మీద 12 అంగుళాలకు ఒకటి అన్న నియమం ఉంది. 2½ అంగుళాల 8డి మేకులు (8డి, 16డి అన్నవి మేకుల సైజు గుర్తులు) వాడి, షీటు అంచుకు ⅜ అంగుళం లోపలగా కొట్టండి. మేకుల తుపాకీ వాడేటట్టయితే గాలి ఒత్తిడి తగ్గించండి. మేకు తల షీటు ఉపరితలంతో సమంగా ఆగాలి, లోపలికి చీల్చుకుని పోతే ఆ మేకు బలం తగ్గినట్టే. చట్రానికి 3½ అంగుళాల 16డి మేకులు సరిపోతాయి. జిప్సం బోర్డుకు వాడే నల్ల స్క్రూలను ఎక్కడా వాడవద్దు. అవి వంగవు, పుటుక్కున విరుగుతాయి.

ఎడిసన్ మిత్రుడు చెప్పినట్టు షీటు పొడవును బట్టి స్టడ్డు పొడవును నిర్ణయించడం సరైన పద్ధతి. కాని 90 అంగుళాల లెక్కతో నేను ఏకీభవించలేను. షీటు ఒకటిన్నర అంగుళం కిందికి దిగితే అందులో పై ముప్పావు అంగుళం నేల ప్లైవుడ్ అంచు మీదనే పోతుంది, జాయిస్టు మీద మిగిలేది ముప్పావు అంగుళమే. అంచుకు ⅜ వదిలి మేకు కొడితే ఆ మేకు జాయిస్టు పై అంచుకు దాదాపు ఆనుకొని దిగి కర్రను చీల్చవచ్చు. గోడను నేలకు కట్టివేసేది ఆ వరుస మేకులే కనుక అక్కడ పొదుపు పనికిరాదు. స్టడ్డును 87 అంగుళాలకు కోయండి. గోడ 91½ అంగుళాలు అవుతుంది, షీటు 4½ అంగుళాలు కిందికి దిగి అంచు జాయిస్టును గట్టిగా పట్టుకుంటుంది. లోపల 7½ అడుగుల పైచిలుకు ఎత్తు మిగులుతుంది. అంత ఎత్తు చాలదనుకుంటే 9 అడుగుల షీట్లు కూడా దొరుకుతాయి, అప్పుడు 92⅝ స్టడ్డులనే వాడుకోవచ్చు. జాయిస్టులు ట్రీటెడ్ కర్రవి కాబట్టి అక్కడ కొట్టే మేకులు వేడి జింకు పూత పూసినవే అయి ఉండాలి. ఆ కర్రలోని రాగి రసాయనం మామూలు మేకులను తినేస్తుంది. గోడ అడుగు పట్టె ప్లైవుడ్ మీద కూర్చుంటుంది కనుక దానికి ట్రీటెడ్ కర్ర అక్కరలేదు. అదే కాంక్రీటు మీద అయితే తప్పనిసరి.

తలుపు విషయం. కప్పు రాఫ్టర్లు (కప్పును మోసే ఏటవాలు కర్రలు) 12 అడుగుల గోడల మీద కూర్చునేటట్టయితే, ఆ గోడలోని తలుపు పైన వచ్చే హెడర్ కప్పు బరువును మోయాలి, అంటే మన ఇళ్లలో లింటెల్ చేసే పనే. రెండు 2×6 కర్రల మధ్య అర అంగుళం ప్లైవుడ్ పెట్టి బిగిస్తే మందం 3½ అంగుళాలు, సరిగ్గా గోడ మందానికి సమానం. 87 అంగుళాల స్టడ్డుతో హెడర్‌ను పై పట్టెలకు ఆనించి పెడితే దాని కింద 83 అంగుళాల ఎత్తు మిగులుతుంది, 80 అంగుళాల తలుపుకు అది సరిపోతుంది. హెడర్ రెండు చివరలూ పొట్టి జాక్ స్టడ్డుల మీద కూర్చోవాలి, వాటి పక్కన పూర్తి ఎత్తు స్టడ్డు ఉండాలి. కేవలం పక్క నుంచి మేకులు కొట్టి వేలాడదీయకూడదు.

ఒక్క మార్పు సూచిస్తాను. తలుపును గోడ నట్టనడుమ పెడితే ఇరువైపులా మూడున్నర అడుగులు చొప్పున మిగులుతుంది, ఎటువైపూ ఒక పూర్తి షీటు పట్టదు. తలుపును ఒక పక్కకు జరిపితే ఒకవైపు 4 అడుగుల పూర్తి షీటు, మరోవైపు 3 అడుగులు వస్తాయి. మూలలో పూర్తి ఎత్తు, పూర్తి వెడల్పు ఉన్న షీటు ఒకటి ఉండటం గోడకు చాలా మేలు. తలుపు పైమూల దగ్గర రెండు షీట్ల అతుకు పడకుండా, షీటును ఎల్ ఆకారంలో కోసి మూల చుట్టూ తిప్పండి.

మరొక మాట. మీ ప్రాంతంలో వసంత కాలపు ఈదురుగాలులు ఎంత బలంగా వస్తాయో మీకు తెలుసు. గోడ నేలను ఎంత గట్టిగా పట్టుకున్నా, ఆ నేల భూమిని పట్టుకోకపోతే షెడ్డు మొత్తంగా కదులుతుంది. భూమిలోకి దిగే యాంకర్లు ఇంకా వేయకపోతే గోడలు లేపే ముందే వేయండి.

షార్లట్_వాన:

పై రెండు సమాధానాలతో చాలావరకు ఏకీభవిస్తూనే, షీట్లు బిగించే క్రమం గురించి భిన్నమైన మాట చెప్పాలి. నాలుగు గోడలకూ పడుకోబెట్టే షీట్లు కొట్టమనడం సరికాదు. 12 అడుగుల గోడలు రెండూ పూర్తి పొడవున నిలబడితే, 10 అడుగుల గోడలు వాటి మధ్య ఇముడుతాయి కనుక వాటి చట్రం 9 అడుగుల 5 అంగుళాలే ఉంటుంది. కాని వాటి షీట్లు పొడవు గోడల చివరి స్టడ్డులను కూడా కప్పుతూ బయటి మూల వరకు రావాలి. ఆ మేకులే మూలను కలిపి ఉంచుతాయి. కాబట్టి పొట్టి గోడల గుర్తులను చట్రం చివర నుంచి కాక భవనం బయటి మూల నుంచి కొలవాలి. మొదటి షీటు అతుకు పడే స్టడ్డు మధ్యరేఖ, చట్రం చివర నుంచి చూస్తే 44½ అంగుళాల దగ్గర వస్తుంది. ఈ మూడున్నర అంగుళాలు మరిచినవారి షీట్లు గాలిలో ముగుస్తాయి. అందుచేత పొడవు గోడలకు పడుకోబెట్టి, పొట్టి గోడలకు నిలబెట్టిన తరువాత షీట్లు కొట్టడం ఉత్తమం.

ఓఎస్‌బి కావాలా, నేరుగా సైడింగ్ చాలా అన్నది మీరు షెడ్డును ఏం చేయబోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. సామాను గదికి టీ1-11 అనే సైడింగ్ ప్లైవుడ్ గాని, ఎల్‌పి స్మార్ట్‌సైడ్ వంటి ప్యానెల్ గాని నేరుగా స్టడ్డులకు కొడితే ఒకే పొర రెండు పనులూ చేస్తుంది. ఆ ప్యానెల్ ఎంత దూరపు స్టడ్డులకు తగినదో దాని మీద ముద్రించి ఉంటుంది, చూసి కొనండి. ఒకదానిపై ఒకటి ఎక్కే అంచులు ఉన్న ప్యానెళ్లలో పై అంచుకే మేకు కొట్టి ఊరుకోవద్దు, కింద దాగిన అంచుకు కూడా విడిగా కొట్టాలి. తరువాత ఎప్పుడైనా ఏసీ పెట్టి కూర్చునే గదిగా మార్చే ఆలోచన ఉంటే మాత్రం 7/16 అంగుళం ఓఎస్‌బి, దాని మీద హౌస్‌ర్యాప్ (నీటిని ఆపే పలుచని పొర), ఆపై సైడింగ్ వేయండి. హౌస్‌ర్యాప్‌ను కింది నుంచి మొదలుపెట్టి, పై వరుస కింది వరుస మీదికి వచ్చేలా చుట్టాలి, లేకపోతే వాన నీరు పొర వెనక్కి పోతుంది.

నీటి విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను. ఇక్కడి తేమలో కుళ్లిన షెడ్డులు ఎన్నో చూశాను, అవన్నీ కింది అంచు దగ్గరే మొదలయ్యాయి. షీటు కింది అంచు మట్టికి కనీసం 6 అంగుళాల ఎత్తులో ఉండాలి. వాన చిందులకే కాదు, చెదలు పైకి పాకితే కంటికి కనబడటానికి కూడా ఆ ఖాళీ కావాలి. షీట్ల మధ్య ⅛ అంగుళం సందు వదలండి, తేమకు షీటు ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉంటాయి. పొట్టి గోడ మీద కప్పు కింది త్రికోణపు ముక్క కింది ప్యానెల్‌ను కలిసే అడ్డ అతుకులో జెడ్ ఆకారపు రేకు తప్పనిసరి. కోసిన ప్రతి అంచుకు, ముఖ్యంగా కింది అంచుకు, బిగించే ముందే రంగు పూయండి. బిగించిన తరువాత అక్కడికి కుంచె అందదు.

ఫ్రిస్కో_పెరడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్టడ్డులు 16 అంగుళాల దూరంలో, 87 అంగుళాల పొడవుతో, తలుపు ఒక పక్కకు జరిపి, స్మార్ట్‌సైడ్ ప్యానెల్ నేరుగా కొట్టాలని నిర్ణయించుకున్నాను. యాంకర్లు ముందే వేస్తాను. ఒక సందేహం మిగిలింది. తలుపు లేని పొడవు గోడకు పడుకోబెట్టి షీట్లు కొడితే, నేను, మా అబ్బాయి కలిసి దాన్ని లేపగలమా? 4½ అంగుళాలు కిందికి వేలాడే షీటు లేపేటప్పుడు నేలకు తగిలి విరగదా?

ఎడిసన్_వడ్రంగం:

87 అంగుళాల లెక్కను నేను అంగీకరిస్తున్నాను. ఇకపై నేనూ అలాగే కోస్తాను.

బరువు చూద్దాం. ఆ గోడలో 2×4 కర్ర మొత్తం 110 అడుగుల దాకా పడుతుంది, అది ఇంచుమించు 140 పౌండ్లు. 7/16 ఓఎస్‌బి షీటు ఒక్కొక్కటి సుమారు 46 పౌండ్లు, మీ ప్యానెళ్లు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. మూడు షీట్లూ, కర్రా కలిస్తే గోడ దాదాపు 280 పౌండ్లు. ఒక అంచు నేల మీద ఆని ఉంటుంది కాబట్టి మొత్తం బరువు చేతుల మీద పడదు, అయినా ఇద్దరితో లేపవద్దు, నలుగురిని పిలవండి. గాలి వీచే రోజున అసలు లేపవద్దు. షీట్లు కొట్టిన గోడ గాలిని పట్టుకుంటుంది.

వేలాడే అంచు గురించి భయపడనక్కరలేదు గాని పడుకోబెట్టే చోటు ముఖ్యం. గోడ బయటి ముఖం పైకి ఉండేలా, అడుగు పట్టె కింది ముఖం నేల అంచుకు సరిగ్గా 3½ అంగుళాలు లోపలగా ఉండేలా పడుకోబెట్టండి. లేపినప్పుడు పట్టె లోపలి అంచు మీద గోడ తిరుగుతుంది, షీటు కింది భాగం నేల బయటికి వెళ్లి అంచు జాయిస్టును ఆనుకొని దిగుతుంది. ఇంకా ముందుకు ఉంచితే గోడ నేల దాటి పోతుంది, వెనక్కి ఉంచితే షీటు ప్లైవుడ్ మీద కూర్చుని ఇరుక్కుంటుంది. కర్ణాలు సరిచూసిన తరువాతనే మొదటి షీటు కొట్టండి. గోడ నిలబడగానే రెండు చివరలా ఏటవాలు కర్రలు నేలకు బిగించి, రసమట్టంతో తూకం చూసి, ఆ తరువాత అడుగు పట్టెను మేకులతో జాయిస్టుల దాకా దిగేలా కొట్టండి. ఎదుటి పొడవు గోడ కూడా నిలిచాక పొట్టి గోడల చట్రాలు లోపల ఇమిడ్చి, రెండో పై పట్టెను మూలల దగ్గర ఒక గోడ నుంచి పక్క గోడ మీదికి ఎక్కేలా వేయండి. పొడవు గోడలపై రెండో పట్టె రెండు చివరలా 3½ అంగుళాలు పొట్టిగా ఉండాలి, ఆ ఖాళీలోకి పొట్టి గోడ పట్టె వచ్చి కూర్చుంటుంది. ఏటవాలు కర్రలను మాత్రం రాఫ్టర్లు, పొట్టి గోడల షీట్లు పూర్తయ్యే దాకా తీయవద్దు.