లాభాపేక్ష లేని ఇంటర్నెట్ సంఘానికి ప్రభుత్వ గ్రాంటు: గ్యారంటీ షరతును ఎలా దాటాలి?

ప్రశ్న

ఏ కంపెనీ కేబుల్ వేయడానికి ముందుకు రాని మూడు ఊళ్ల కోసం మేము కొందరం లాభాపేక్ష లేని సంఘంగా ఏర్పడ్డాము. ప్రభుత్వ గ్రాంటుకు దరఖాస్తు రాస్తూ రెండు షరతుల దగ్గర ఆగిపోయాము. ఖర్చంతా ముందుగా మేమే పెట్టుకొని, బిల్లులు చూపిన తరువాతే సొమ్ము తీసుకోవాలట. పైగా గ్రాంటులో కొంత భాగానికి బ్యాంకు గ్యారంటీ చూపాలట. సభ్యుల చందాలు తప్ప ఆస్తి లేని సంఘానికి ఏ బ్యాంకు పూచీ పడుతుంది? ఇతర చోట్ల దీనిని ఎలా పరిష్కరించుకున్నారో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

అమెరికాలో 2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద బ్రాడ్‌బ్యాండ్ విస్తరణకు 4,245 కోట్ల డాలర్లు కేటాయించినప్పుడు సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. గ్రాంటు విలువలో కనీసం 25 శాతానికి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (సంస్థ మాట తప్పితే ఆ సొమ్ము తామే చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీపత్రం) తేవాలన్న నిబంధన వల్ల చిన్న సంస్థలు, సహకార సంఘాలు పోటీకే రాలేవన్న అభ్యంతరాలు వెల్లువెత్తాయి. చివరకు 2023 నవంబరులో దానిని సడలించి, లెటర్‌కు బదులు పర్ఫార్మెన్స్ బాండ్ (పని పూర్తవుతుందని పూచీదారు సంస్థ రాసిచ్చే హామీ) ఇచ్చే వీలును, పని ఒక్కో దశ పూర్తయిన కొద్దీ సొమ్ము పొందే పద్ధతిలో గ్యారంటీ భారం తగ్గించుకునే వీలును కల్పించారు. పని మధ్యలో వదిలేసేవారి చేతిలో ప్రజాధనం చిక్కుకోకూడదన్నదే గ్యారంటీ ఉద్దేశం కనుక, దశలవారీ చెల్లింపుతోనూ అది నెరవేరుతుంది. దరఖాస్తు మానుకోక ముందే ఈ మాటను ఆ శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేయండి.

రెండవ సమాధానం

గ్యారంటీ కన్నా పెద్ద గండం ఆ తరువాత ఉంది. మా సంఘానికి గ్రాంటు వచ్చింది, కేబుల్ వేశాము. రెండో ఏడు వానాకాలంలో ఒక వీధి మొత్తానికి కనెక్షన్ పోయింది. వెతగ్గా వెతగ్గా కల్వర్టు పక్కన ఉన్న జాయింట్ బాక్సు (ఫైబరు అతుకులు ఉండే పెట్టె) దొరికింది. మూత రబ్బరు చీలి లోపల బురదనీరు నిండి ఉంది. ఫైబరును మళ్లీ అతికే స్ప్లైసింగ్ మెషీను అద్దెకు తేవడానికి మా ఖాతాలో డబ్బు లేదు, ఎందుకంటే గ్రాంటు నిబంధనలు పరికరాల కొనుగోలునే ఒప్పుకున్నాయి, మరమ్మతును కాదు. పదకొండు రోజులు ఆ వీధి పిల్లలు పాఠాల కోసం మా కార్యాలయం మెట్ల మీద కూర్చున్నారు. కనీసం మూడేళ్ల నిర్వహణ ఖర్చును దరఖాస్తులోనే అడగండి. ఒప్పుకోకపోతే నెలసరి చందాలో కొంత భాగాన్ని మొదటి రోజు నుంచే విడిగా దాచండి.

మూడవ సమాధానం

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. ప్రజాధనంతో వేసిన లైను చివరకు ఎవరిదన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఇంగ్లండులోని లాంకషైర్ పల్లెల్లో 2011లో మొదలైన బార్న్ అనే సంస్థలో రైతులు తమ పొలాల గుండా ఉచితంగా దారి ఇచ్చారు, ఊరివాళ్లే కందకాలు తవ్వారు, వాటాలు కొన్నారు. ఆ తరువాత కనెక్షన్ ఖర్చు కోసం ఇచ్చే ప్రభుత్వ వోచర్లు తోడయ్యాయి. అది సమాజ ప్రయోజన సంఘంగా నమోదైనందున ఆస్తిని వాటాదారులు అమ్ముకొని పంచుకోలేరు. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో పుట్టిన గుయ్‌ఫి నెట్‌వర్కులోనైతే వ్యాపార సంస్థలు కూడా సేవలు అమ్ముకోవచ్చు గాని, వాడుకున్న మేరకు నిర్వహణ ఖర్చు పంచుకోవాలి. నా దృష్టిలో మీకు ఈ రెండవ పద్ధతే మేలు, ఎందుకంటే జాయింట్ బాక్సు బాగుచేసే ఖర్చు మీ ఒక్కరి మీదే పడదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పనిని ఊరికొక దశ చొప్పున మూడుగా విభజించి, ఒక్కో దశకు చెల్లింపు కోరుతూ రేపే లేఖ పంపుతాము. మరమ్మతు ఖర్చును కూడా అందులో చేరుస్తున్నాము. లైనును అమ్మరాదన్న నియమాన్ని మా సంఘం నిబంధనావళిలో ఎలా రాయాలో ఎవరి దగ్గరైనా నమూనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి.